మారుతి వెనక బ్రేకు: ముందు కేబుల్ వదలండి, తర్వాతే డ్రమ్ము విప్పండి

ప్రశ్న: మా నాన్నగారి 1997 మోడల్ మారుతి 800 నా దగ్గరుంది. తిరిగింది 74 వేల కిలోమీటర్లే. నాన్నగారు పోయాక రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్య బయటికి తీస్తే, మొదటిసారి తొక్కినప్పుడు బ్రేక్ పెడల్ దాదాపు నేలదాకా పోతోంది. వెంటనే ఇంకోసారి తొక్కితే పైనే గట్టిగా దొరుకుతోంది. హ్యాండ్ బ్రేక్ పది క్లిక్కులు లాగితేగాని పట్టేది కాదు. మా మెకానిక్ హ్యాండ్ బ్రేక్ కేబుల్ టైట్ చేశాడు. నెల బాగుంది, మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ టైట్ చేశాడు. ఇప్పుడు ఎడమవైపు వెనక చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, పెడల్ మాత్రం ఇంకా కిందికే. మాస్టర్ సిలిండర్ మార్చాలని ఒకరంటారు. ఈ బండ్లకి సెల్ఫ్ అడ్జస్టర్లు ఎప్పుడూ పనిచేయవు, వెల్డింగ్ పెట్టించేయండని ఇంకొకరు. రివర్స్‌లో వెళ్తూ బ్రేక్ కొడితే అదే సర్దుకుంటుందని ఒక వీడియోలో చూసి వీధిలో ఇరవైసార్లు వెనక్కీ ముందుకీ తిప్పాను. పక్కింటివాళ్ళు నవ్వుకోవడం తప్ప ఏమీ జరగలేదు. నాన్నగారు షెడ్డులో హ్యాండ్ బ్రేక్ వేసేవారు కాదు, చక్రం కింద ఇటుక పెట్టేవారు. నేను ఆ ఇటుక తీసేసి హ్యాండ్ బ్రేకే వాడుతున్నాను. 2027లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంది. ఈలోపు ఏం చెయ్యమంటారు?

— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఒక మాట. మొదటి తొక్కుకి బ్రేకు దొరకని బండిని దయచేసి మెయిన్ రోడ్డెక్కించకండి. రెండో తొక్కుకి దొరుకుతోంది కదా అని మీ చెయ్యి, కాలు అలవాటు పడిపోతాయి. కానీ సందులోంచి సైకిల్ మీద పిల్లాడు అడ్డం వచ్చిన రోజున రెండో తొక్కుకి వ్యవధి ఉండదు. ఈ పని అయ్యేదాకా బండి ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇక మీ జబ్బు సంగతి. ఉత్తరంలో మీరే రాశారు: "మళ్ళీ టైట్ చేశాడు" అని. నా అనుమానమంతా అక్కడే. బ్రేకు అరిగేకొద్దీ తనంతట తానే ఖాళీని సర్దుకునే సెల్ఫ్ అడ్జస్టర్ మీ బండిలో చచ్చిపోయి ఉండకపోవచ్చు. దాని చేతులు కట్టేశారు, అంతే.

పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది మాస్టర్ సిలిండర్. అది కొనేముందు ఇంటి ముందే మూడు పరీక్షలు చేయండి. మీ తొక్కు బలాన్ని పెంచే బూస్టర్ ఉన్న బండయితే ఇంజన్ ఆన్‌లో పెట్టి చేయండి. మొదటిది: పెడల్‌ని ఒకసారి తొక్కి, కాలు తీయకుండా అర నిమిషం అలాగే నొక్కి పట్టుకోండి. మెల్లగా, నీళ్ళలో మునుగుతున్నట్టు కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయినట్టు, లేదా ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతున్నట్టు. దిగకుండా నిలబడితే ఆ ఖర్చు తప్పినట్టే. రెండోది: కాలికి మెత్తగా, స్పాంజి తొక్కినట్టు అనిపిస్తోందా? అయితే లైనులో గాలి ఉంది. రెండో తొక్కుకి రాయిలా గట్టిగా దొరుకుతోందంటే జబ్బు గాలిది కాదు, చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకీ, లోపలినుంచి దాన్ని ఒరుసుకుని ఆపే షూకీ మధ్య ఖాళీది. మూడోది నాకిష్టమైన పరీక్ష. హ్యాండ్ బ్రేక్‌ని మీ బలమంతా పెట్టి లాగి, అప్పుడు పెడల్ తొక్కండి. మొదటి తొక్కుకే పైన దొరికితే అనుమానం తీరిపోయినట్టే. హ్యాండ్ బ్రేక్ వెనక షూలని ముందే డ్రమ్ము దగ్గరికి తోసి పెట్టింది కాబట్టి పెడల్ ఆ ఖాళీని నింపాల్సిన పని లేకుండా పోయింది.

మీరు చెప్పిన లక్షణాలనిబట్టి చూస్తే మూడో పరీక్షే పాసవుతుందని నా నమ్మకం.

లోపల ఏం జరుగుతోందో కాస్త చెప్పాలి. ఇది అర్థమైతే మెకానిక్ ముందు మీరు తడబడరు. మారుతి 800 వెనక డ్రమ్ము విప్పితే నెలవంకల్లా రెండు షూలు ఎదురెదురుగా కనబడతాయి. పైన ఆయిల్ ఒత్తిడికి షూలని బయటికి తోసే వీల్ సిలిండర్, కింద రెండు షూలూ ఆనుకునే చోటు. సిలిండర్‌కి కొంచెం దిగువన, రెండు షూల మధ్య అడ్డంగా ఒక ఇనప బద్ద ఉంటుంది. దాన్ని స్ట్రట్ అంటారు. మొత్తం కథ ఆ బద్ద పొడవులో ఉంది. పెడల్ వదిలాక స్ప్రింగులు షూలని లోపలికి లాగుతాయి. ఎంత లోపలికి పోవాలో తేల్చేది ఈ బద్ద. అది పొట్టిగా ఉంటే షూలు బాగా లోపలికి పోతాయి, మర్నాడు మీ పెడల్ అంత కిందికి పోతుంది. పొడవుగా ఉంటే షూలు డ్రమ్ము పక్కనే కాచుకుని కూర్చుంటాయి.

షూ మీద అతికించి డ్రమ్ముకి ఒరుసుకునే పొరని లైనింగ్ అంటారు. అది అరిగేకొద్దీ బద్ద పొడవు పెరగాలి. దానికోసం బద్దకి ఒక కొసన రాట్చెట్ ఉంటుంది. సన్నటి పళ్ళున్న చిన్న ముక్క, దాన్ని వదలకుండా నొక్కి పట్టే మరో పళ్ళ ముక్క, ఒక బుల్లి స్ప్రింగు. చేతి పంపు గొలుసులాంటి హడావుడేమీ ఉండదు, అగ్గిపెట్టెలో పట్టే సరంజామా. మీరు పెడల్ తొక్కినప్పుడు షూలు విచ్చుకుంటాయి. ఖాళీ ఎక్కువైతే షూ మామూలుకంటే కాస్త ఎక్కువ దూరం జరుగుతుంది. అప్పుడు రాట్చెట్ ఒక పన్ను దాటి పక్క పంటిలో కూర్చుంటుంది. ఇక వెనక్కి రాదు. బద్ద ఒక పన్ను మేర పెరిగింది, షూ ఒక పన్ను మేర డ్రమ్ముకి దగ్గరైంది. ఎవరూ బండి కింద దూరక్కర్లేదు.

ఇప్పుడు అసలు తిరకాసు. ఆ బద్ద రెండో కొస ఆనుకునేది దేనికో తెలుసా? డ్రమ్ము లోపలి హ్యాండ్ బ్రేక్ లివర్‌కి. వెనక షూకి తగిలించి ఉండే పొడవాటి రేకు అది, దాని అడుగు కొసకి మీ కేబుల్ తగిలి ఉంటుంది. కేబుల్ వదులుగా ఉన్నంతసేపు ఆ లివర్ తన చోట తాను ఆనుకుని ఉంటుంది. షూలు విచ్చుకున్నప్పుడు బద్దకీ షూకీ మధ్య తేడా వస్తుంది, ఆ తేడా చూసి రాట్చెట్ కదులుతుంది. అదే కేబుల్ బిగించి పెట్టారనుకోండి, లివర్ ఎప్పుడూ సగం లాగినట్టే ఉంటుంది. షూ ఎటు జరిగితే బద్దని అటు తోసుకుంటూ పోతుంది. తేడా అన్నది రానే రాదు. ఖాళీ ఎంత పెరిగినా రాట్చెట్‌కి ఆ కబురు అందదు.

బిగించగానే బాగుపడినట్టు ఎందుకనిపించింది? బిగించిన కేబుల్ షూలని కాస్త బయటికి తోసి పెట్టింది కాబట్టి పెడల్ పైకొచ్చింది. నెలలో లైనింగ్ కొంచెం అరిగింది, రాట్చెట్ కదల్లేదు, పెడల్ మళ్ళీ దిగింది. మళ్ళీ బిగించారు. అప్పుతో అప్పు తీర్చడమంటే ఇదే. పైగా రెండు పక్కలా కేబుల్ ఒకేలా జారదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో రెండేళ్లు నిలబడిన బండి, ఎడమ కేబుల్ తొడుగు లోపల తుప్పుపట్టి వెనక్కి రాకుండా పట్టేసుకుని ఉంటుంది. అందుకే ఆ చక్రం కాలుతోంది. కాలేది ఎడమది, పెడల్‌ని కిందికి దించేది కుడిది. మీ మెకానిక్ రెంటినీ ఒకే జబ్బు అనుకున్నాడు.

అతన్ని తిట్టకండి. ఈ అలవాటుకి ఒక చరిత్ర ఉంది. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కేనాటికి మన మెకానిక్కుల చేతులు తిరిగింది అంబాసిడర్ల మీద, ఫియట్ల మీద. ఆ బండ్లకి కొన్ని వేల కిలోమీటర్లకోసారి వెనకనుంచి పానా పెట్టి బ్రేకు "టైట్" చేయడమే పద్ధతి. లారీ డ్రైవర్లయితే ఘాట్ ఎక్కేముందు కింద దూరి వాళ్ళే బిగించుకునేవారు. బ్రేకు దిగిందా, ఎక్కడో ఒకచోట బిగించాలి. మారుతి వచ్చాక, షూలు బిగించి ఉండే ఇనప ప్లేటు వెనక బిగించే చోటు కనబడలేదు. కనబడింది హ్యాండ్ బ్రేక్ నట్టు ఒక్కటే. గురువు శిష్యుడికి అదే నేర్పాడు. మంచి పనివాళ్ళు కూడా ఇవాళ్టికీ అదే చేస్తుంటారు.

రివర్స్ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ వీడియో అబద్ధం కాదు, అది మీ బండిది కాదు. అమెరికన్ కార్లలో ఇంకో రకం అడ్జస్టర్ ఉండేది. నక్షత్రంలా పళ్ళున్న చిన్న చక్రం, వెనక్కి వెళ్తూ బ్రేకు తొక్కినప్పుడు షూలు రెండూ డ్రమ్ముతోపాటు కాస్త తిరిగి ఒక చువ్వని లాగి ఆ చక్రాన్ని ఒక పన్ను తిప్పుతాయి. 1958 మోడల్ ఎడ్సెల్ కార్లు అమ్మేటప్పుడు దీన్నో గొప్పగా చెప్పుకున్నారు. మీ రాట్చెట్‌కి ముందుకి వెళ్తున్నారా, వెనక్కా, అసలు నిలబడి ఉన్నారా అన్నది పట్టదు. దానికి కావలసింది గట్టి తొక్కు, వదులు కేబుల్.

ఇక పని. చేతిపని అలవాటుంటే ఒక ఆదివారం ఉదయం చాలు. లేకపోతే మీ మెకానిక్ పక్కన నిలబడి ఈ వరసలో చేయించండి. వరస ముఖ్యం.

మొట్టమొదట కేబుల్. సీటు పక్కన మీరు చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ లివర్ కింద కవరు తీస్తే నట్టు కనబడుతుంది. దాన్ని కేబుల్ వేలాడేంత వదులు చేయండి. మొహమాటపడి అర చుట్టు కాదు, పూర్తిగా. ఇది చేయకుండా డ్రమ్ము విప్పడానికి పోతే డ్రమ్ము కూడా మొండికేస్తుంది.

బండి సమతలం మీద ఉండాలి. ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి గేరులో పెడితే ముందు చక్రాలు పట్టుకుంటాయి. అయినా వాటికి అటూ ఇటూ రాళ్ళు పెట్టండి, హ్యాండ్ బ్రేక్ ఇప్పుడు లేదు కదా. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తండి. బండితో వచ్చిన జాకీ పంక్చర్‌కి మాత్రమే. దాని మీద బండి నిలబెట్టి చేతులు లోపల పెట్టకండి. స్టాండులు అద్దెకైనా తెచ్చుకోండి.

చక్రం ఊడదీసి, మధ్యలో మూత తీసి, నట్టు కదలకుండా గుచ్చిన స్ప్లిట్ పిన్ను లాగి, పెద్ద నట్టు విప్పితే డ్రమ్ము రావాలి. రాదు. ఇన్నేళ్ళ బండిలో లోపలి అంచున ఒక గట్టు కట్టి ఉంటుంది, షూలు దాని వెనక చిక్కుకుంటాయి. సుత్తితో బాదకండి, అంచు చిట్లుతుంది. ప్లేటు వెనక చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది తీసి, సన్నటి స్క్రూడ్రైవర్ లోపలికి పెట్టి షూని పట్టి ఉంచే స్ప్రింగుని తోస్తే లోపలి హ్యాండ్ బ్రేక్ లివర్ ఇంకాస్త వెనక్కి పోతుంది, షూలు లోపలికి ముడుచుకుంటాయి. అప్పుడు డ్రమ్మంతా తిప్పుతూ చెక్క సుత్తితో తడుతూ లాగితే మెల్లగా కదిలి వస్తుంది.

ఒక పక్క విప్పినప్పుడు రెండో పక్క ముట్టుకోకండి. ఏ స్ప్రింగు ఏ కన్నంలోకి పోవాలో అనుమానం వస్తే చూసుకోవడానికి రెండో చక్రమే మీ పుస్తకం. ఫోన్‌లో ఫోటో కూడా తీయండి, కానీ ఫోటోలో స్ప్రింగు ముందుందో వెనకుందో తెలీదు. డ్రమ్ము బయట ఉండగా పొరపాటున కూడా ఎవరూ పెడల్ తొక్కకుండా చూడండి. వీల్ సిలిండర్ పిస్టన్లు ఊడి ఒళ్ళో పడతాయి, వాటితోపాటు బ్రేక్ ఆయిలూ.

లోపల నల్లటి దుమ్ము పేరుకుని ఉంటుంది. నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే కొట్టొద్దు. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. మాస్కు కట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తోనో సబ్బునీళ్ళ బ్రష్‌తోనో తడిపి తుడవండి.

తుడిచాక ముందు సిలిండర్ చూడండి. రెండు కొసలా ఉన్న రబ్బరు టోపీ అంచుని వేలితో మెల్లగా లేపండి. లోపల పొడిగా ఉంటే సంతోషం. తడిగా ఉండి వేలికి ఆయిల్ అంటితే సిలిండర్ మార్చాల్సిందే. ఆ ఆయిల్ లైనింగ్ మీదికి పాకి ఉంటే షూలు కూడా మార్చాలి. పెట్రోలుతో కడిగి ఎండబెడితే సరిపోతుందని చెప్పేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. వేడెక్కగానే లోపలికి ఇంకిన ఆయిల్ మళ్ళీ పైకి తేలుతుంది. మారిస్తే రెండు చక్రాలవీ కలిపి నాలుగు షూలూ మార్చండి. కాలిన ఎడమ వైపు లైనింగ్ గాజులా మెరుస్తూ ఉంటే, బీటలు లేకపోతే, గరుకు కాగితంతో పైపొర రుద్దితే చాలు. మందం 1 మిల్లీమీటరుకి దగ్గరపడితే రుద్దే మాటే లేదు.

ఇప్పుడు రాట్చెట్. నేను తాపీగా కూర్చునేది ఇక్కడ. షూలు విప్పి, బద్దని బయటికి తీసి, తెల్ల కాగితం మీద పెట్టండి. స్క్రూడ్రైవర్ మొనని బద్దకీ రాట్చెట్‌కీ మధ్య పెట్టి నొక్కితే పళ్ళు విడిపోయి రాట్చెట్ మొదటి చోటికి జారాలి. వదిలేసి మళ్ళీ వేలితో తోస్తే ఒక్కో పన్నూ టిక్, టిక్ మని ఎక్కాలి. ఆ శబ్దం చిన్న తాళం పడినట్టు శుభ్రంగా వినిపించాలి. మీ బండిది బహుశా కదలదు. పళ్ళ సందుల్లో బ్రేకు దుమ్ము, తుప్పు కలిసి ఎర్రమట్టిలా గట్టిపడి ఉంటుంది. కిరసనాయిల్లోనో బ్రేక్ క్లీనర్లోనో గంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో, మొండికేస్తే గుండుసూదితో ఒక్కో పంటి సందూ తీయండి. ఆకురాయి పెట్టకండి, పన్ను మొన గుండ్రమైపోతే పట్టు పోతుంది. శుభ్రమయ్యాక వెలుతురుకి అడ్డంపెట్టి చూడండి. మధ్యలో నాలుగైదు పళ్ళు మాత్రమే అరిగి, అటూ ఇటూ పదునుగా ఉంటే బద్ద జత కొత్తది వేయండి. ఆ బుల్లి స్ప్రింగు సాగిపోయినా పనికిరాదు. దానికి బదులు బాల్‌పెన్ స్ప్రింగు వేసిన బండి ఒకటి నా చేతికొచ్చింది. చూసి నవ్వాను, తర్వాత భయమేసింది.

పొడి పళ్ళకి గ్రీజు రాయకండి, దుమ్ము పట్టుకునేది దాన్నే. గ్రీజు వేయాల్సిన చోటు వేరే ఉంది. షూల అంచులు రాసుకునేలా ప్లేటు మీద ఉబ్బెత్తు చోట్లుంటాయి, ఒక్కో షూకి మూడు. అక్కడ గాట్లు పడి ఉంటే షూ ఆ గాట్లో ఇరుక్కుంటుంది, రాట్చెట్ ఎంత బాగున్నా లాభం లేదు. నున్నగా రుద్ది, వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు కందిగింజంత రాయండి. మామూలు చాసిస్ గ్రీజు కరిగి లైనింగ్ మీదికి కారుతుంది.

బద్దలు ఎడమకీ కుడికీ వేరు. అద్దంలో బొమ్మలా ఒకటి ఇంకోదానికి తిరగబడి ఉంటాయి. నేను పని నేర్చుకునే రోజుల్లో రెండు పక్కలా ఒకేసారి విప్పేసి, టీ తాగొచ్చి, ఎడమది కుడికి బిగించాను. చూడ్డానికి చక్కగా పట్టింది. మూడు వారాలకి ఓనరు బండి తెచ్చి, ఏమీ అనకుండా తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. రెండో పక్క ముట్టుకోవద్దని ఇందాక అంత గట్టిగా చెప్పింది అందుకే.

డ్రమ్ము అంచున కట్టిన గట్టు చిన్నదైతే లేత్ మీద తీయించండి. లోపలి వ్యాసం ఎంతదాకా పెరగనివ్వొచ్చో చాలా డ్రమ్ముల మీద అచ్చుపోసే ఉంటుంది. అది దాటితే చెక్కించొద్దు, కొత్తది కొనండి. పెద్దదైన డ్రమ్ములో కొత్త షూ సరిగ్గా ఆనదు, ఆ తేడాకి మళ్ళీ అడ్జస్టర్‌నే తిడతారు.

వెనక్కి బిగించేటప్పుడు రాట్చెట్‌ని మొదటి పంటికి జార్చి షూలు పూర్తిగా ముడుచుకునేలా పెట్టాలి. డ్రమ్ము సులువుగా ఎక్కుతుంది. పెద్ద నట్టు ఒక్కటీ చేతివాటం మీద బిగించకండి. దాని మీదే బేరింగు బతుకు ఉంది, మాన్యువల్లో చెప్పినంత బిగువుకి, టార్క్ రెంచితోనే బిగించాలి. స్ప్లిట్ పిన్ను కొత్తది వేయండి. అంచుని నొక్కి లాక్ చేసే రకం నట్టయితే నట్టే కొత్తది.

కేబుల్ ఇంకా వదులుగానే ఉంది కదా? అలాగే ఉండనివ్వండి. ఇదే అందరూ తొందరపడే చోటు. రెండో పక్క కూడా ఇలాగే పూర్తి చేసి, రెండు డ్రమ్ములూ ఎక్కాక, సీట్లో కూర్చుని పెడల్‌ని గట్టిగా తొక్కి పూర్తిగా వదలండి. సుజుకి వర్క్‌షాప్ పుస్తకాల్లో సుమారు 30 కిలోల బరువు వేసి మూడు నుంచి ఐదు సార్లు తొక్కమని ఉంటుంది. పాత బండికి నేను పది పదిహేను తొక్కుతాను. మీ అబ్బాయో తమ్ముడో వెనక చక్రం దగ్గర చెవి పెట్టి కూర్చుంటే లోపల టిక్, టిక్ మని వినబడుతుంది. తొక్కు తొక్కుకీ పెడల్ కాస్త కాస్త పైకి రావడం మీ కాలికే తెలుస్తుంది. ఇంక పైకి రావడం ఆగిందంటే రాట్చెట్ తన పని ముగించింది.

చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ఎక్కడో సన్నగా స్... మని రాసుకుంటే పర్వాలేదు. పట్టేస్తే మాత్రం ఎక్కడో తప్పు జరిగింది.

ఇప్పుడు, చిట్టచివర, కేబుల్. బిగించేముందు ఎడమ కేబుల్ కొసని చేత్తో లాగి వదిలి చూడండి. టక్కున వెనక్కి పోవాలి. బద్ధకంగా పోతే, మధ్యలో ఆగితే కేబుల్ మార్చేయండి. తొడుగులోకి ఆయిల్ పోసి బతికించాలని చూడకండి, వానాకాలం దాకా కూడా ఉండదు. తర్వాత నట్టు కొద్దికొద్దిగా బిగిస్తూ, లివర్ లాగి చూస్తూ పోండి. నేను ఐదారు క్లిక్కుల దగ్గర ఆపుతాను. లివర్ పూర్తిగా కిందికి దించినప్పుడు రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే మీరు పాత తప్పు కొత్తగా చేసినట్టు.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకి పైబడి ఉంటే ఈ పనిలో పనిగా డాట్ 3 కొత్త సీసా తెచ్చి మార్చండి. షెడ్డులో మూత తీసి ఉన్న సీసా వద్దు, అది గాల్లో తేమ తాగేసి ఉంటుంది. ముందు చక్రాల డిస్కు బ్రేకుల సంగతి మీరు రాయలేదు. రెండేళ్లు నిలబడిన బండి కదా, వాటి పిస్టన్లు కదులుతున్నాయో లేదో ఒకసారి చూడమనండి.

మర్నాడు కాలనీలోనే ఐదారు కిలోమీటర్లు, బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆపి, రెండు వెనక చక్రాల దగ్గరా మధ్యభాగానికి చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే పని పూర్తయింది. ఎడమది ఇంకా కాలితే కేబుల్ కాదు, వీల్ సిలిండర్ పిస్టన్ పట్టేసింది. మళ్ళీ విప్పాలి. విసుగొస్తుంది, తెలుసు.

వెల్డింగ్ మాటకి ఒక్కటే జవాబు: వద్దు. రాట్చెట్‌కి వెల్డింగ్ పెడితే బద్ద ఒకే పొడవులో ఉండిపోతుంది. వెల్డింగ్ పెట్టిన రోజు బ్రేకు అద్భుతంగా ఉంటుంది, ఆ తర్వాత ప్రతి కిలోమీటరూ కిందికే. మాన్యువల్‌గా తిప్పుకునే స్క్రూ కూడా ఉండదు. అంటే అంబాసిడర్ కంటే అన్యాయం.

2027 నాటికి భయపడాల్సింది లేదు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యూవల్, మీకిది నాలుగోసారి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అన్న పేరు మనవాళ్ళు ఊరికే పెట్టలేదు. ఆయన మొదట చూసేది పెడల్, తర్వాత హ్యాండ్ బ్రేక్. మొదటి తొక్కుకి నాలుగు వేళ్ళ ఎత్తులో దొరికే పెడల్, ఆరో క్లిక్కుకి పట్టే లివర్ ఉంటే ఆయన మీ బండిలో ఇంకేం చూసినా మీకు దిగుల్లేదు. పరీక్షకి ముందురోజు మాత్రం ఎవరో చెప్పారని కేబుల్ ఒక చుట్టు బిగించకండి.

చివరిగా మీ నాన్నగారి ఇటుక. వారం, పది రోజులు కదలని బండికి హ్యాండ్ బ్రేక్ లాగి పెడితే, తేమకి లైనింగ్ డ్రమ్ముకి అంటుకుంటుంది, కేబుల్ ఆ లాగిన చోటే తుప్పుపడుతుంది. కాకినాడ గాలికి అది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆయనకి ఎవరు చెప్పారోగానీ సరిగ్గానే చెప్పారు. ఇటుక ఇంకా షెడ్డులో ఉంటే వెతికి తెచ్చి చక్రం కింద పెట్టండి, బండిని ఫస్ట్ గేరులో వదలండి, లివర్ కిందికి దించేయండి.